గుడిమల్లానికి తెలుగులో ఒక చిన్న గైడ్ పుస్తకం వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈ మధ్య పిల్లల్ని తీసుకుని మన తిరుపతి దగ్గరి గుడిమల్లం శివాలయానికి పోయినాం. లింగం ముందు వైపు నిలబడినట్టు చెక్కిన శివుణ్ణి చూసి మా పాప ఒకటే ప్రశ్నలు, ఆ చేతిలో తలకిందులుగా వేలాడేది పొట్టేలా, భుజం మీద గొడ్డలి ఎందుకు, కాళ్ల కింద ఆ మరుగుజ్జు ఎవరు అని. నాకు తెలిసినంత చెప్పినా, కానీ ఇంటికి తెచ్చుకుని చదివించడానికి తెలుగులో చిన్న పుస్తకం ఏదైనా ఉందా అంటే అక్కడ అడిగినవాళ్లెవరి దగ్గరా లేదు. క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది పండితులు చెప్పే లింగం అది, 1970లలో తవ్వినప్పుడు దాని చుట్టూ మొదట్లో రాతి కంచె ఉండేదని కూడా తేలింది. ఇదంతా తవ్వకాల రిపోర్టుల్లోనే ఉండిపోతే ఎట్లా?

దేబలా మిత్ర గారి గురించి ఇక్కడ చెప్పాలి. భారత పురావస్తు శాఖ పెట్టింది 1861లో, దానికి ఒక మహిళ డైరెక్టర్ జనరల్ కావడానికి 1981 దాకా పట్టింది, ఆ మొదటి మహిళ ఈవిడే. 1958 నుంచి 61 దాకా ఒడిశాలో రత్నగిరి అనే బౌద్ధుల చోట దిబ్బ తవ్వించి పెద్ద స్తూపం, రెండు విహారాలు (భిక్షువులు ఉండే మఠాలు), వందల కొద్దీ చిన్న మొక్కుబడి స్తూపాలు బయటికి తీశారు. అక్కడి విహారం ద్వారబంధం పచ్చటి ఛాయ ఉన్న రాయి, దాని నిండా తీగల చెక్కడమే, ఫోటోలో చూసినా కళ్లు తిప్పుకోలేం. నేపాల్‌లో తిలౌరాకోట్ అనే పురాతన స్థలం కూడా తవ్వారు. నాకు ఆమె మీద ఇంకా గౌరవం పెరిగింది మాత్రం వేరే పనికి. అంత పెద్ద రిపోర్టులు రాసిన మనిషి, అజంతా, సాంచి, భువనేశ్వర్, కోణార్క్ చూడ్డానికి వచ్చే మామూలు జనం కోసం సన్నటి గైడ్ పుస్తకాలు కూడా కూర్చుని రాశారు. ఇది చిన్న పని అని ఆమె అనుకోలేదు.

మన తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఆర్కియాలజీ చెప్తారు, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. చదువుకునే ఆడపిల్లలకే ఈ పని అప్పజెప్పండి. గుడి కొలతలు తీసి, బొమ్మలు గీసి, గజపృష్ఠం (ఏనుగు వెనక భాగంలా గుండ్రంగా కట్టిన గర్భగుడి) అంటే ఏందో పదో క్లాసు పిల్లకి అర్థమయ్యేట్టు రాయమనండి, రాసినవాళ్ల పేర్లు అట్టమీద వేయండి. చంద్రగిరి రాజమహల్‌కీ అట్లాంటిదే ఇంకొకటి వేస్తే మంచిది. ధర మాత్రం, గుడి బయట కొబ్బరికాయ కొనేవాళ్లు ఇదీ కొనుక్కోగలిగేట్టు పెట్టాలి.

— ఒక పాఠకురాలు, తిరుపతి