నాన్నగారికి, రైఫిల్ ఎంపిక గురించి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేము క్షేమం. మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను రైఫిల్ కొంటున్న సంగతి చెల్లాయి చెప్పగా విని మీరు రాసిన ఉత్తరాన్ని రెండు మూడు సార్లు చదువుకున్నాను. అరకిలో కూడా తూగని జంతువును కొట్టడానికి తుపాకీ కావాలా అని ఒక ప్రశ్న, కావలసివస్తే అన్నిటికంటే చిన్నది ఏదో ఒకటి కొనక ఇన్ని నెలలుగా ఈ ఆలోచన ఏమిటని ఇంకొక ప్రశ్న అడిగారు. ఫోనులో చెబితే సగం మాటలు గాలికి పోతాయి కాబట్టి, తీరిక చేసుకుని వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. నేను పనిచేస్తున్న కెనడాలోని సస్కాచెవాన్ గడ్డిమైదానాల్లో రిచర్డ్‌సన్ నేల ఉడుత అనే జంతువు ఉంటుంది. ఇక్కడివారు దాన్ని గోఫర్ అంటారు గానీ అసలు గోఫర్ వేరు. అది మట్టిలోంచి బయటకు రావడమే అరుదు. ఈ నేల ఉడుత మాత్రం బొరియ పక్కన వెనుక కాళ్ల మీద మేకు పాతినట్టు నిటారుగా నిలబడి నాలుగు దిక్కులూ చూస్తుంది. సంవత్సరంలో ఎక్కువ భాగం భూమిలో నిద్రపోయి, మంచు కరిగే వేళకు బయటకు వచ్చి, అప్పుడే తలెత్తుతున్న మొలకలను వరసగా కొరికేస్తుంది. పూర్వం రైతులు దీనికి స్ట్రిక్నిన్ కలిపిన గింజలు పెట్టేవారు. ఆ విషం బొరియల్లో గూడు పెట్టుకునే గుడ్లగూబలకూ, స్విఫ్ట్ నక్కలకూ ప్రమాదమని కెనడా ఆరోగ్యశాఖ 2020లో దాని అనుమతిని రద్దు చేస్తూ నిర్ణయం తీసుకుంది. ఆ నిర్ణయం నాకు న్యాయంగానే తోచింది. విషానికి ఎవరు తింటున్నారో తెలియదు. రైఫిల్ పట్టుకున్న మనిషికి తెలియాలి, తెలిసి తీరాలి.

రెండో ప్రశ్న దగ్గరే నాకు చెప్పవలసింది ఎక్కువగా ఉంది. నిరుడు వసంతంలో పొలం యజమాని నాకు .22 లాంగ్ రైఫిల్ అనే తూటాతో పేలే తన పాత తుపాకీని ఇచ్చాడు. ఆ తూటా 1887 నుంచి ఉన్నది. ప్రపంచంలో అంతగా పేలిన తూటా మరొకటి ఉండదేమో. నలభై యాభై గజాల లోపల అది చక్కగా పనిచేసింది. ఒకరోజు గాలి కాస్త గట్టిగా వీస్తుండగా, తొంభై గజాల దూరంలో ఉన్న ఉడుత మీద గురిపెట్టి పేల్చాను. గుండు తలకు తగలవలసింది నడుముకు తగిలింది. అది ముందుకాళ్లతో ఈడ్చుకుంటూ బొరియలోకి వెళ్లిపోయింది. ఎంతసేపు కూర్చున్నా మళ్లీ బయటకు రాలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అదే నెలలో ఇంకొక గుండు ఎండిన నేలలోని రాతికి తగిలి, కూతపెడుతూ దారి వైపు ఎగిరిపోయింది. దారిలో ఎవరూ లేరు, నిజమే. కానీ లేరన్న సంగతి పేల్చేముందు నేను చూసుకోలేదు. ఈ రెండు తప్పులూ నావే. వీటి తర్వాతే, కొట్టిన ప్రాణి కొట్టినచోటనే క్షణంలో పోవాలి, గుండు ఆ ప్రాణిని దాటి ముందుకు పోకూడదు అన్న రెండు షరతులకు సరిపడే తూటా కోసం వెతకడం మొదలుపెట్టాను.

మీకు అర్థం కావడానికి ఒక మాట. తూటా అంటే ఇత్తడి డొల్ల, దానిలోని మందు, కొసన బిగించిన గుండు, అన్నీ కలిసిన మొత్తం. డొల్ల అడుగు అంచులో నిప్పు పుట్టించే పదార్థం ఉంటే దాన్ని రిమ్‌ఫైర్ అంటారు, అడుగు మధ్యలో వేరే చిన్న గుళికగా ఉంటే సెంటర్‌ఫైర్ అంటారు. మొదటిది చిన్నది, మెత్తనిది, ఒకసారి పేలాక డొల్ల పనికిరాదు. రెండోది బలమైనది; డొల్లలో మళ్లీ మందు నింపుకోవచ్చు. తూటా పేరు ముందున్న .22, .17 లాంటి అంకె గుండు లావును సుమారుగా అంగుళాల్లో చెబుతుంది. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు సుమారు పదిహేనున్నర గ్రెయిన్లు.

నేను వాడిన .22 గుండు 40 గ్రెయిన్లు, సెకనుకు 1,200 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. యాభై గజాలకు గురి సరిచేస్తే నూరు గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందికి పడుతుంది. నిలబడిన ఉడుతలో తల, గుండె ఉన్న భాగం రెండు అంగుళాల వెడల్పుకు మించదు కాబట్టి, దూరాన్ని పది గజాలు తప్పుగా అంచనా వేసినా గాయమే మిగులుతుంది. పైగా ఆ సీసపు గుండు మెల్లగా, బరువుగా పోతుంది గనుక నేలకు తగిలినప్పుడు చితకకుండా పైకి లేస్తుంది. తూటాల పెట్టె మీదే మైలుకు పైగా దూరం వరకు ప్రమాదమని అచ్చువేసి ఉంటుంది. చిన్న తూటా కాబట్టి ప్రమాదం చిన్నదనుకోవడం ఎంత పొరపాటో చూడండి. మీరు అడిగిన “అన్నిటికంటే చిన్నది” ఇదే.

దీనికి అవతలి కొసన ఉన్నవాటిని పక్క పొలం పెద్దాయన నాకు చూపించారు. ఆయన దగ్గర .22-250 రెమింగ్టన్ ఉంది. ఔత్సాహికులు తమంతట తాము తయారుచేసుకుంటూ వచ్చిన ఆ తూటాను 1965లో రెమింగ్టన్ సంస్థ కర్మాగారపు తూటాగా స్వీకరించింది. 55 గ్రెయిన్ల గుండును సెకనుకు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. అంతకు ముందే, 1935లో, వించెస్టర్ వారి .220 స్విఫ్ట్ సెకనుకు 4,000 అడుగులను దాటింది. ఆ అంకెలు వింటుంటే నాకూ మనసు లాగింది, దాచను. రెండు వందల గజాలు దాటినా గురి దాదాపు తిన్నగా నిలబడుతుంది. కానీ ఆ వేగానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మందు ఎక్కువ మండుతుంది, బారెల్, అంటే తుపాకీ గొట్టం, త్వరగా వేడెక్కుతుంది, మందుగది ముందున్న గొంతు భాగం త్వరగా అరిగిపోతుంది. నేల ఉడుతల వేటలో ఒక ఉదయం ఒకటి రెండు సార్లు కాదు, పదుల సార్లు పేల్చవలసి వస్తుంది. పెద్దాయన పది తూటాలకు ఒకసారి ఆగి బారెల్‌ను చల్లార్చుకోవడం నేను కళ్లారా చూశాను.

ఈ రెండు కొసల మధ్య ఉన్నవాటిలో .223 రెమింగ్టన్ మంచి తూటా. 1964 నుంచి ఉంది, ఎక్కడైనా దొరుకుతుంది, 55 గ్రెయిన్ల గుండును 3,240 అడుగుల వేగంతో పంపుతుంది. రెండు వందల యాభై గజాల వరకు కొట్టవలసిన అవసరం నాకు ఉండి ఉంటే మరో ఆలోచన లేకుండా అదే కొనేవాణ్ణి. దాన్ని కొనేవారు బారెల్ లోపల గుండును గిరగిర తిప్పే గాడుల మెలికను చూసుకోవాలి: పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బారెల్ తేలిక గుండ్లకు సరిపోతుంది, ఏడు అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది బరువైన పొడవాటి గుండ్లకు ఉద్దేశించినది. 2004లో వచ్చిన .204 రుగర్ గురించి కూడా విన్నాను. వేగానికి వేగం, మెత్తదనానికి మెత్తదనం అంటారు. నేను పేల్చి చూడలేదు కాబట్టి దాని జోలికి పోను.

నేను పనిచేసే పొలంలో అవసరం ఎంత దూరమో తెలుసుకోవడానికి ఒక ఆదివారం కంచె వెంట అడుగులతో కొలుచుకుంటూ తిరిగాను. బొరియలున్న చోట్లకూ, నేను కూర్చోగలిగిన మిట్టలకూ మధ్య దూరం ఎక్కడా నూట నలభై గజాలు దాటలేదు. పడమట పశువులు, ఉత్తరాన దారి. అంటే నాకు మూడు వందల గజాలు పోయే తూటా అక్కర్లేదు. నూట నలభై గజాల వరకు నమ్మకంగా కొట్టి అక్కడితో ఆగిపోయే తూటా కావాలి. ఈ కొలత తీసుకున్న రోజే సగం ఎంపిక పూర్తయింది. దుకాణంలో తుపాకీలు చూడకముందే అందరూ చేయవలసిన పని ఇదని నాకు అనిపించింది.

అలా .17 హెచ్‌ఎమ్‌ఆర్ అనే రిమ్‌ఫైర్ తూటా దగ్గర ఆగాను. 2002లో హార్నడీ సంస్థ .22 మాగ్నమ్ రిమ్‌ఫైర్ డొల్ల మెడను సన్నగా నొక్కి తయారుచేసిన తూటా ఇది. 17 గ్రెయిన్ల గుండు, అంటే గ్రాము పైచిలుకు. సెకనుకు 2,550 అడుగులు. నూరు గజాలకు గురి సరిచేస్తే నూట యాభై దగ్గర రెండున్నర మూడు అంగుళాలే దిగుతుంది. శక్తిలో చూస్తే .22 లాంగ్ రైఫిల్ సుమారు 170 జౌళ్లు, ఇది 330 జౌళ్లు, .223 ఏమో 1,740 జౌళ్లు. దీని గుండుకు పలుచని రాగి తొడుగు, కొసన ప్లాస్టిక్ ముక్కు ఉంటాయి. తగిలీ తగలగానే ముక్కు లోపలికి దిగి గుండు తునాతునకలవుతుంది. అందువల్ల ప్రాణి అక్కడికక్కడే పోతుంది. గురి తప్పి నేలకు తగిలినా ఎక్కువ సార్లు అక్కడే పొడి అవుతుంది. ఎక్కువ సార్లు అన్నాను గానీ ఎప్పుడూ అనలేదు, నాన్నగారూ. అందుకే వెనుక మట్టి దిబ్బ లేకుండా నేను పేల్చను.

దీని బలహీనత గాలి. గంటకు పది మైళ్ల అడ్డగాలికి నూరు గజాల దగ్గర నాలుగు అంగుళాల దాకా పక్కకు కొట్టుకుపోతుంది, అదే గాలికి .223 ఒక అంగుళం కదులుతుందంతే. గడ్డిమైదానంలో గాలి లేని వేళ ఉండేది సూర్యోదయం తర్వాత ఒకటి రెండు గంటలే. కాబట్టి పొద్దున్నే వెళ్లడం, గడ్డి పరకలు ఊగడం మొదలుపెడితే దూరాన్ని డెబ్బై గజాలకు కుదించుకోవడం, ఇంకా పెరిగితే తుపాకీ సర్దేసి ఇంటికి రావడం నియమంగా పెట్టుకున్నాను.

రైఫిల్ విషయానికి వస్తే, చెక్ దేశపు సీజడ్ 457 తీసుకున్నాను. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి నెట్టవలసినది. నిదానం నాకు నచ్చింది. బోల్టు లాగే ఆ క్షణంలో మనిషి మళ్లీ ఒకసారి చుట్టూ చూస్తాడు. దీని బారెల్‌ను విప్పి .22 బారెల్ బిగించుకోవచ్చు కాబట్టి, తక్కువ ఖర్చులో సాధన చేయడానికి వీలవుతుంది. దిమ్మలాంటి బరువు బారెల్ ఎంచుకున్నాను, ఎందుకంటే దీన్ని భుజాన వేసుకుని నడిచేది తక్కువ, ఇసుక సంచి మీద ఆనించి కూర్చునేది ఎక్కువ. తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనుక భాగం, పొడవు నా చేతికి సరిపోయిందో లేదో, కళ్లు మూసుకుని భుజానికి ఆనించి తెరవగానే స్కోప్ (గురి చూసే దుర్బిణి) నిండుగా కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బు చెల్లించాను. స్కోప్ కూడా దూరాన్ని బట్టి సరిచేసుకోగలిగేదే కొన్నాను. లేకపోతే తల కొంచెం కదిలినా గురి కదిలినట్టు కనిపిస్తుంది. ఈ తూటాకు వెనుదెబ్బ లేనట్టే కాబట్టి గుండు ఎక్కడ తగిలిందో స్కోప్‌లోంచే చూడగలుగుతున్నాను. గాయపడిందేమో అన్న సందేహం మిగలకపోవడం నాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

ఒక్క విషయం ఇంకా తేలలేదు. ఈ గుండ్ల లోపల ఉన్నది సీసం. చచ్చిన ఉడుతను గద్దలు తింటే ఆ తునకలు వాటి కడుపులోకి పోతాయి. ప్రస్తుతానికి కొట్టినవాటిని ఏరి పూడ్చేస్తున్నాను. సీసం లేని 15.5 గ్రెయిన్ల గుండు ఒకటి ఇదే తూటాలో దొరుకుతుంది. నా బారెల్‌లోంచి అది నూరు గజాలకు అంగుళం లోపల ఐదు రంధ్రాలు చేస్తే దానికే మారిపోతాను. అలాగే బొరియ నోటి దగ్గర పొట్టిగా, పొడవు కాళ్లతో నిలబడిన ఆకారం కనిపిస్తే వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనివ్వను. అది పాత బొరియల్లో గూడు పెట్టుకునే గుడ్లగూబ కావచ్చు. ఆ జాతి ఈ దేశంలో అంతరించిపోయే దశలో ఉంది.

అమ్మ భయపడుతోందని రాశారు. ఇక్కడ ముందుగా భద్రతా శిక్షణ తరగతికి హాజరై, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకోవాలి. కొత్తవారికి కనీసం 28 రోజుల నిరీక్షణ తప్పదు. తూటాలు కొనాలన్నా ఆ లైసెన్సే చూపించాలి. ఇంట్లో రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన ఉక్కు బీరువాలో ఉంటుంది. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద. రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉంటాయి, పిల్లలకు అవి ఎక్కడున్నాయో తెలియదు.

ఏప్రిల్ చివరికి తల్లులు బొరియల్లో పిల్లల్ని పెడతాయి. ఆ తర్వాత తల్లిని కొడితే లోపల కళ్లు తెరవని పిల్లలు ఆకలితో మాడిపోతాయి కాబట్టి, ఈ ఏడు పని అంతకు ముందే ముగించాలని యజమానితో మాట్లాడి ఒప్పించాను. వచ్చే శనివారం గాలి లేకపోతే కాగితపు గురి మీద కొత్త గుండ్లను పరీక్షిస్తాను. ఫలితం ఎలా వచ్చిందో తర్వాతి ఉత్తరంలో రాస్తాను.

అమ్మకు నా నమస్కారాలు, చెల్లాయికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ కుమారుడు