గోపురాలను చీలుస్తున్న రావి మొక్కలు
పాత ఆలయాల గోపురాలపై రావి, మర్రి మొక్కలు మొలిచి కట్టడాలను చీలుస్తున్నా పట్టించుకునే నాథుడు లేడు. మా ఊరి గుడి గోపురం రెండో అంతస్తులో ద్వారపాలకుడి భుజం వెనక మొలిచిన రావి మొక్క ఇప్పుడు మణికట్టంత లావైంది. వేరు చొచ్చుకుపోయి ఆ సున్నపు బొమ్మ చెయ్యి ఊడిపడింది. ఉత్సవాల ముందు కొమ్మలు నరికి రంగులు పూస్తారు. వేరు లోపలే ఉంటుంది కనుక వానలకు మళ్లీ చిగురిస్తుంది. పగుళ్లను సిమెంటుతో పూడ్చడం ఇంకా పెద్ద తప్పు. మన గోపురాల్లో చాలావాటికి కింది భాగం రాయి, పై అంతస్తులు ఇటుక, సున్నం. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. దానికీ ముందు బీటలే కనిపించాయి. అంతటి నష్టం చూశాక కూడా ఇంత నిర్లక్ష్యమా? దేవదాయ శాఖ ఏటా తొలకరికి ముందే పాత గోపురాలన్నింటినీ పురావస్తు నిపుణులతో పరీక్ష చేయించాలి. మొక్కలను వేళ్లతో సహా తీయించి, సున్నం పని తెలిసిన స్థపతులకే మరమ్మతులు అప్పగించాలి. రంగులకు వెచ్చించే సొమ్ము ముందు దీనికి కేటాయించాలి.
– ఒక పాఠకుడు