టమాటా నాటే తేదీ కంప్యూటర్ చెబుతుందా?

అందరికీ నమస్తే. టమాటా ఎప్పుడు నాటాలో కంప్యూటర్ చెబుతుందా అని నిన్న అడిగారు కాబట్టి రాస్తున్నా. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వాళ్ళు 2009లో తెచ్చిన ఆక్వాక్రాప్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితం, అందులో టమాటా పంట కూడా ఉంది. రోజువారీ వాన, ఉష్ణోగ్రత, మట్టి వివరాలు, నాటే తేదీ ఇస్తే ఏ దశలో తడి తప్పితే దిగుబడి ఎంత తగ్గుతుందో లెక్కేస్తుంది. తేదీ మార్చి మళ్ళీ నడిపి చూడొచ్చు, నాకైతే అసలు లాభం అదే.

తెల్లదోమ, ఆకుముడత లాంటి పురుగులు, తెగుళ్ళు దానికి తెలియవు. మదనపల్లె మార్కెట్ ధర అసలే తెలియదు!

చిక్కంతా మట్టి దగ్గరే. మట్టి ఎంత నీరు పట్టి ఉంచుతుందో దానికి చెప్పాలి, అది అంచనా వేయాలంటే ఇసుక, బంకమన్ను శాతాలు తెలియాలి. ప్రభుత్వం ఇచ్చే మట్టి పరీక్ష కార్డులో (సాయిల్ హెల్త్ కార్డు) ఆ శాతాలు ఉండవు, విడిగా పరీక్ష చేయించాలి. ఆ రిపోర్టు, పోయిన సీజన్ దిగుబడి లెక్క ఉన్నవాళ్ళు ఫోటో పెట్టండన్నా. ఆదివారం నాడు మొదట పాత పంటతోనే దాని లెక్క సరిచూద్దాం.