తెలుగు మాంగాకు వెడల్పు బెలూన్లు కావాలి

సంపాదకులకు,

బెంగళూరులో మాంగా (జపాన్ కామిక్స్) శైలిలో తెలుగు కామిక్స్ గీస్తున్న కుర్రకారు చక్కటి గీత చూపిస్తున్నారు, మాటల దగ్గరే తడబడుతున్నారు. జపనీయులు మాంగాలో మాటలను నిలువుగా, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందుకే వాళ్ల పేజీ అలా నడుస్తుంది, పాత్రల మాటలు రాసే బెలూన్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి. అమెరికాలో ఇంగ్లిష్‌లో గీసేవాళ్లు చాలామంది ఎడమ నుంచే నడిపిస్తారు. మనకూ అదే దారి.

సన్నటి బెలూన్‌లో 'వెళ్లిపోతున్నావా' లాంటి మాట ఇమడదు, విరిస్తే చదవలేం. ముందు మాటలు పేర్చి, ఆ తర్వాతే చుట్టూ గీత గీయాలి. వరుసల మధ్య ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ జాగా వదలాలి. లేదంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

చుక్కల టోన్‌ను (నీడల కోసం వేసే సన్న చుక్కలను) అచ్చు సైజులోనే, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) వేయాలి. వేశాక పేజీని కుదిస్తే టోన్ చుక్కలు కలిసి ముఖాల మీద గళ్లు తేలతాయి. ఎంత బాగా గీసిన కళ్లయినా అక్కడితో పాడైపోతాయి.

- కొందరు కామిక్స్ చిత్రకారులు, బెంగళూరు