మెట్రో వస్తుందిగా అన్న మాట ఇక ఆపండి

సంపాదకుల వారికి నమస్కారం.

మెట్రోకి నగరం సిద్ధమవుతోందని పోయిన వారం మీ విశాఖ జిల్లా పేజీలో వార్త వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. ఆఫీసు పని, ఇంటి పనితో ఇన్ని రోజులు పట్టింది. ఈలోగా కోపం చల్లారుతుందేమో అనుకున్నాను గానీ, రోజూ అదే బస్టాపులో నిలబడే మనిషికి ఎక్కడ చల్లారుతుంది?

నేను ఇసుకతోటలో ఉంటాను, ఉద్యోగం గాజువాకలో. 19 ఏళ్లుగా సిటీ బస్సులోనే తిరుగుతున్నాను. మెట్రో మొదటి కారిడార్ స్టీల్ ప్లాంట్ జంక్షన్ నుంచి కొమ్మాది దాకా, 34.4 కిలోమీటర్లు. అంటే నేను రోజూ వెళ్లే దారి మొత్తం అందులోనే ఉంది. మెట్రో వస్తే అందరికంటే ముందు సంతోషించేది నాలాంటివాళ్లమే. ఈ ఉత్తరం చూసి నన్ను మెట్రో వద్దనే వాళ్లలో కలిపేయకండి.

నా బాధల్లా "సిద్ధం" అన్న మాటతోనే. మీ వార్తలో టెండర్ల గురించి ఉంది, భూసేకరణ గురించి ఉంది, అధికారులు ఎన్ని సమీక్షలు చేశారో ఉంది. రోడ్డు మీద నిలబడే మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. అధికారుల మాటల్లోనే లేనప్పుడు మీ విలేకరిని మాత్రం ఏమనగలను?

మా బస్టాపు పక్కన సర్వీస్ రోడ్డు కాలువ మీద ఒక సిమెంటు పలక విరిగి, ఆగస్టుకి ఏడాదిన్నర అయింది. మూడడుగుల పలక. వానాకాలంలో నీళ్లు నిండితే గొయ్యి ఎక్కడుందో కనపడదు. ఒకసారి మా అత్తగారు కాలు అందులో పెట్టి పడ్డారు. మోకాలి చిప్ప పగిలింది, నాలుగు నెలలు మంచం మీదే ఉన్నారు. ఆవిడకి 71 ఏళ్లు. అంతకుముందు రోజూ పొద్దున్నే రైతుబజారుకి ఒక్కరే వెళ్లి కూరలు తెచ్చుకునే మనిషి, ఇప్పుడు గేటు దాటడానికే భయపడుతున్నారు. నేను అర్జీ పట్టుకుని సంబంధిత ఆఫీసుకి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి అక్కడి ఉద్యోగి అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. "మెట్రో వస్తుందిగా అమ్మా, అప్పుడు ఎలాగూ అంతా తవ్వేస్తారు, ఇప్పుడు వేస్తే డబ్బు దండగ."

ఆ ఒక్క ఉద్యోగి అంటే వదిలేసేదాన్ని. మద్దిలపాలెంలో ఫుట్‌పాత్ గురించి అడిగితే అదే మాట. వెంకోజీపాలెం దగ్గర మనుషులు రోడ్డు దాటడానికి ఒక దారి చూపించమంటే అదే మాట. వీధి దీపాలకీ అదే మాట. రాని మెట్రో పేరు చెప్పి, ఉన్న రోడ్డుని ఎన్నేళ్లు గాలికి వదిలేస్తారు?

ఎన్నేళ్లో నేనే చెబుతాను. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలు ఏడాదిలోగా పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని రాసి ఉంది. ఢిల్లీ మెట్రో వాళ్లు నివేదిక ఇచ్చారు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చింది, మళ్లీ మొదటికి వచ్చాం. ఆ తర్వాత లైట్ మెట్రో అన్నారు, బీచ్ రోడ్డులో ట్రామ్ అన్నారు, మళ్లీ నివేదికలు. చివరికి 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశకి ఆమోదం ఇచ్చింది. 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు, 11,498 కోట్ల రూపాయలు. 2025లో టెండర్లు పిలిచారు. విభజన చట్టం వచ్చిన ఏడాది మా పెద్దాడు మూడో క్లాసు. టెండర్లు పిలిచేసరికి ఇంజినీరింగ్‌లో చేరాడు. ఈ మధ్య కాలమంతా వాడు స్కూలుకి, కాలేజీకి అదే పగిలిన రోడ్డు పక్క నుంచి నడిచాడు.

సరే, జరిగిందేదో జరిగింది. ఇకపై ఏం చేస్తారో అడుగుతున్నాను.

ఈ ఊరికి ఒక వైపు సముద్రం, ఒక వైపు కొండలు. మధ్యలో ఉన్న వెన్నెముక జాతీయ రహదారి ఒక్కటే. కొమ్మాది, మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్ఏడీ, గాజువాక, అన్నీ ఈ ఒక్క దారి మీదే. మెట్రో స్తంభాలు లేచేది కూడా ఇక్కడే. అందులోనూ దాదాపు 20 కిలోమీటర్ల మేర కింద రోడ్డు, దాని పైన ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో, ఇలా డబుల్ డెక్కర్ కడతామంటున్నారు. మంచిదే, స్థలం కలిసొస్తుంది. కానీ కట్టినన్నాళ్లూ మధ్యలో బారికేడ్లు పెడితే లారీలు, బస్సులు, కాలేజీ బస్సులు, ఆటోలు ఎటు పోవాలి? హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి ఉంది, అరిలోవ దగ్గర పెద్దాసుపత్రులు వరసగా ఉన్నాయి. ఇప్పుడే సాయంత్రం ఆరింటికి అక్కడ అంబులెన్సు సైరన్ మోగుతుంటే పక్కకి తప్పుకోవడానికి జానెడు చోటు ఉండదు. మా బస్సు డ్రైవరు గారు ఒకరోజు తలుపు తీసుకుని కిందకి దిగి, చేతులు ఊపి ముందున్న కార్లని జరిపించి అంబులెన్సుకి దారి ఇప్పించారు. ఆయన పేరు తెలీదు, కానీ ఆ రోజు ఆయన చేసింది ఎవరు చేయాల్సిన పని?

హైదరాబాదులో మా చెల్లెలు అమీర్‌పేట దగ్గర ఉండేది. అక్కడ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. దానికి ముందు రేకుల బారికేడ్ల మధ్య నుంచి పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లడానికి అది పడ్డ పాట్లు ఫోన్లో రోజూ వినేదాన్ని. హైదరాబాదుకి కనీసం చుట్టూ తిరిగి వెళ్లడానికి నాలుగు దారులున్నాయి. మనకి?

మనకీ ఒకటి ఉండాల్సింది. నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం నిధులతో బీఆర్‌టీఎస్ అని, బస్సులు వేగంగా వెళ్లే రోడ్లు మొదలుపెట్టారు, గుర్తుందా? ఒకటి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా పెందుర్తికి, ఇంకొకటి హనుమంతవాక నుంచి అడవివరం, సింహాచలం మీదుగా పెందుర్తికి. బస్సులకని వేరే లేన్లు అన్నారు. మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఆ సింహాచలం దారి అప్పుడే అనుకున్నట్టు పూర్తయి ఉంటే ఈరోజు మెట్రో పనులప్పుడు ఊరికి ఊపిరి పీల్చుకోవడానికి సందు ఉండేది. బస్సు లేన్లలో ఇప్పుడు బస్సు తప్ప అన్నీ తిరుగుతాయి. ఆ పని అలా ఎందుకు చెడిందో ఏ అధికారీ జనానికి చెప్పలేదు, ఎవరినీ అడగలేదు కూడా. ఒక కమిషనర్ వస్తారు, ప్రణాళిక చెబుతారు, బదిలీ అవుతారు, కొత్తాయన మళ్లీ మొదటి నుంచి. మా చిన్నప్పుడు మున్సిపాలిటీ మేస్త్రీ సైకిలు మీద వీధి వీధీ తిరిగి, ఎక్కడ రాయి లేచిందో చూసి పుస్తకంలో రాసుకునేవాడు. ఇప్పుడు యాప్‌లో ఫొటో పెడితే పరిష్కారమైందని మెసేజ్ వస్తుంది, గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది.

ఇంకో మాట. 2017 మెట్రో విధానంలోనే స్టేషన్ నుంచి ఇరువైపులా 5 కిలోమీటర్ల మేర ఫీడర్ బస్సులు (కాలనీలకీ స్టేషన్‌కీ మధ్య తిరిగేవి), నడక దారులు కల్పిస్తామని రాష్ట్రం హామీ ఇవ్వాలని స్పష్టంగా ఉంది. 42 స్టేషన్ల చుట్టూ ఎక్కడెక్కడ ఫుట్‌పాత్‌లు వేస్తారు, ఏ స్టేషన్ నుంచి ఏ కాలనీకి బస్సు నడుపుతారు, ఈ జాబితాని వార్డుల్లో అంటించమనండి. మెట్రో వచ్చాక చూసుకుందాం అంటే కుదరదు. స్టేషన్ దిగిన మనిషి ఇంటికి చేరేది ఆ పగిలిన పలక మీద నుంచే కదా.

బస్సుల సంగతి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. నెలకి నాకు మిగిలిన డబ్బు మా అత్తగారి మందులకి సరిపోతోంది, ఆ కృతజ్ఞత నాకుంది. కానీ మా రూట్లో నాకు కనిపించినంతవరకు జనం పెరిగారు, బస్సులు పెరగలేదు. గాజువాక బస్సు ఎక్కడానికి పొద్దున్న ఎనిమిదింటికి మూడు బస్సులు వదులుకుంటున్నాను. కాలు పెట్టే చోటు లేక కాలేజీ అమ్మాయిలు షేర్ ఆటోలో డ్రైవరు పక్కన, సగం బయటికి వేలాడుతూ వెళ్తున్నారు. మెట్రో పనులు మొదలయ్యాక రోడ్డు మీద కార్లు తగ్గాలంటే ముందు బస్సులు పెరగాలి. ఈ చిన్న విషయం చెప్పడానికి పెద్ద ఇంజినీరు అక్కర్లేదు.

చెట్ల గురించి అడగకపోతే నాకు నిద్ర పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్లో చెట్లన్నీ కూలిపోయాక, మా వీధి ఆడవాళ్లం కలిసి బస్టాపు పక్కన ఒక కానుగ మొక్క నాటాం. మొదటి రెండు ఎండాకాలాలు వంతులేసుకుని బిందెతో నీళ్లు పోశాం. ఇప్పుడది షెల్టర్ లేని మా బస్టాపుకి ఉన్న ఒకే ఒక్క నీడ. మేలో పూలు రాలితే కిందంతా లేత ఊదా రంగు పరుచుకుంటుంది, పూలమ్మే ఆమె బుట్ట అక్కడే పెట్టుకుంటుంది. స్టేషన్ మెట్లు అక్కడికే వస్తే ఆ చెట్టు పోతుందని నాకు తెలుసు. పోవాల్సి వస్తే పోనివ్వండి, కానీ ఏ చెట్లు కొడతారో, ఏవి వేరే చోటికి తరలిస్తారో, బదులుగా ఎక్కడ నాటుతారో ముందే చెప్పండి. ఒక ఆదివారం తెల్లారేసరికి మొద్దు మాత్రం మిగలకూడదు.

సంపాదకులు గారూ, ఒక్క మనవి. మీ విలేకరిని ఒకరోజు ఉదయం ఎనిమిది గంటలకి ఇసుకతోట బస్టాపుకి పంపించండి. కానుగ చెట్టు కింద నిలబడితే చాలు, ఆ గొయ్యి ఎదురుగానే కనిపిస్తుంది. పక్కనున్న టీ కొట్టు అబ్బాయి ఎవరూ పడకుండా దాని మీద విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బోర్లించాడు.

— ఒక పాఠకురాలు, ఇసుకతోట, విశాఖపట్నం