కాళ్లు జతలుగా ఎందుకొస్తాయో పిల్లలకు సరిగా చెబుదాం

సంపాదకుల వారికి,

జంతువులకు కాళ్లు సరిసంఖ్యలోనే ఎందుకుంటాయని పిల్లలు అడిగితే, బడిలోనూ పత్రికల పిల్లల పేజీల్లోనూ తరచుగా వచ్చే జవాబు ఒక్కటే: బ్యాలెన్స్ కోసం. దయచేసి ఈ జవాబు ఇక మానేద్దాం.

ఎగుడుదిగుడు నేల మీద మూడు కాళ్ల స్టూలు కదలకుండా నిలబడుతుంది, ఊగేది నాలుగు కాళ్లదే. చీమ నడిచేటప్పుడు ఒక వైపు ముందు, వెనుక కాళ్లను, రెండో వైపు నడిమి కాలును నేలకు ఆన్చి, మిగతా మూడింటినీ ముందుకు వేస్తుంది. నిలకడకు మూడు చాలని అదే చూపిస్తోంది. బ్యాలెన్సే కారణమైతే మూడు కాళ్ల జంతువు ఎక్కడో ఒకచోట కనబడాలి కదా!

అసలు కారణం శరీరం తయారయ్యే తీరులో ఉంది. పిండంలో కుడి సగం, ఎడమ సగం ఒకదానికొకటి ప్రతిబింబంలా ఏర్పడతాయి. కాలు మొలిచేది ఒంటి పక్కన. ఒక పక్క దాన్ని మొలిపించే జన్యువులే రెండో పక్కా పనిచేస్తాయి, అందుకే కాళ్లు జతగా వస్తాయి. ఈ అమరిక కాళ్ల కంటే పాతది. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందటి కింబెరెల్లా అనే సముద్రజీవికి కాళ్లు లేవు గానీ, కుడి ఎడమలు ఉన్నాయి. సూటిగా ముందుకు కదిలే జీవికి ఆ అమరిక మేలు చేసింది, నిలిచిపోయింది.

మన కాళ్లూ చేతులూ చేపల జంట వాజాల (ఈదడానికి వాడే రెక్కల) నుంచి వచ్చినవే. 2004లో కెనడా ఉత్తర కొసన దొరికిన టిక్టాలిక్ అనే చేప శిలాజం వయసు 37 కోట్ల ఏళ్ల పైమాటే. దాని ముందు వాజాల్లో మన దండచెయ్యి, ముంజేయి, మణికట్టు ఎముకలకు సరిపోలేవి ఉన్నాయి. చేప వీపు మీద నడిమి గీతలో ఉండే ఒంటి వాజం మాత్రం ఎన్నడూ కాలు కాలేదు. ఒంటి అవయవం ఆసరాగా పనికిరాదని కాదు. కంగారూ మెల్లగా నడిచేటప్పుడు తోకనే ఐదో కాలుగా నేలకు ఆన్చి ఒంటిని ముందుకు నెడుతుంది. అయినా అది తోకే.

జెర్రి సంగతి నాకు మరీ ఇష్టం. పెద్దయిన జెర్రికి జతల సంఖ్య మామూలుగా బేసి: 15 నుంచి 191 దాకా. 20 జతల కంటే 21 జతలు నడకకు మేలని ఎవరు చెప్పగలరు? ఒళ్లు కణుపులు కణుపులుగా ఎదిగే పద్ధతే ఆ లెక్కను తేలుస్తుంది.

పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, ఉపాధ్యాయులకూ, మీకూ నా విన్నపం ఒకటే. ప్రతి అవయవానికీ ‘ఇది ఎందుకు పనికొస్తుంది’ అని చెప్పి ఆపకండి, ‘ఇది ఎలా వచ్చింది’ అని కూడా చెప్పండి. మొదటి ప్రశ్న ఒక్కటే నేర్చిన పిల్లలు ప్రకృతిలో ప్రతిదీ ఎవరో ప్లాన్ వేసి చేసినట్టు అనుకుంటారు. మీ సైన్స్ పేజీలో ఒకసారి ఐదు చేతుల నక్షత్ర చేప బొమ్మ, దాని పక్కనే కుడి ఎడమలు సమానంగా ఉన్న దాని పిల్ల బొమ్మ వేయండి. ఒకే జీవి రెండు రూపాలూ ఎలా ఎత్తుతుందో పిల్లలనే అడగనివ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు