24 రాత్రికి మూడు టికెట్లు

అమ్మలూ,

నీ ఫ్లైట్ 22 రాత్రి దిగుతుందని తెలిసిన దగ్గర్నుంచి మీ అమ్మ వంటింట్లోంచి బయటికి రావడం లేదు. సున్నుండలు అయ్యాయి, ఇవాళ కారప్పూస. నా వంతు పని నేనూ చేశాను. పొద్దున్నే పాలో ఆల్టో వెళ్లి, యూనివర్సిటీ అవెన్యూ మీద స్టాన్‌ఫర్డ్ థియేటర్ ముందు క్యూలో నిలబడి, 24 రాత్రి ఆటకి మూడు టికెట్లు తెచ్చాను. మిగతా రోజుల్లో ఎప్పుడు వెళ్లినా టికెట్ దొరుకుతుంది. ఆ ఒక్క రాత్రికి మాత్రం ముందే అయిపోతాయి. క్రిస్మస్ ముందు రాత్రి అక్కడ వేసేది ఏటా ఒకటే సినిమా, ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్.

పోయిన వారం ఫోన్లో నువ్వన్నావు, "అది లాప్‌టాప్‌లో ఎప్పుడైనా చూడొచ్చు కదా నాన్నా, నేను కాలేజీలో చూశాను కూడా, చలిలో క్యూ ఎందుకు" అని. అప్పుడు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఏదో గొణిగి ఫోన్ అమ్మకిచ్చేశాను. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగు నీకింకా ఉంది. నిదానంగా చదువుకో, తెలియని మాట ఉంటే వచ్చాక అడుగు.

ముందు మా ఊరి టాకీస్ గురించి చెప్పాలి. నువ్వు చూడలేదు, చూసే వీలూ లేదు. అది రేకుల షెడ్డు. తెర దగ్గర నేల, దాని వెనక బెంచీలు, అన్నిటికంటే వెనక కుర్చీలు. సాయంత్రం పైనున్న మైకులోంచి ఘంటసాల గారి 'నమో వెంకటేశా' మొదలైందంటే టికెట్లు ఇస్తున్నారని ఊరందరికీ తెలిసేది. మా అమ్మ, మా పెద్దమ్మ అన్నాలు తొందరగా కానిచ్చి, మమ్మల్ని తలో చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్లు. సంక్రాంతికి కొత్త సినిమాలు టౌనుకే వచ్చేవి. మా ఊరికి పాతవే దిక్కు. అందుకని పండగ మూడు రోజులూ మాయాబజార్ వేసేవారు. 1957 నాటి సినిమా, అంటే నేను పుట్టకముందుది. ప్రింటు నిండా గీతలే. అయినా మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పుట్టించిన ఆ వెన్నెల తెర మీద పడగానే నేల మీదున్న వాళ్లందరూ ఒక్కసారిగా "ఆఁ" అనేవాళ్లు. ఆ చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది.

మా మావయ్య అక్కడ ఆపరేటరు. సెలవుల్లో నన్ను క్యాబిన్‌లోకి రానిచ్చేవాడు. లోపల కొలిమిలా ఉండేది. అప్పట్లో ప్రొజెక్టర్‌కి బల్బు లేదు, రెండు కార్బన్ కడ్డీలుండేవి. వాటి కొసలు ఎదురెదురుగా పెట్టి కరెంటు ఇస్తే మధ్యలో తెల్లటి మంట పుట్టేది. ఆ వెలుగే ఫిల్ము గుండా తెర మీదికి వెళ్లేది. కడ్డీలు కాలుతూ అరిగిపోతుంటాయి కాబట్టి ఎడం పెరగకుండా మావయ్య చెయ్యి ఎప్పుడూ ఆ మర మీదే. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయేది. నాకు ఆయన నేర్పిన విద్య ఒకటుంది. "తెరకి కుడివైపు పై మూల చూడరా" అనేవాడు. ఒక రీలు మహా అయితే 20 నిమిషాలు ఆడుతుంది. అది అయిపోవచ్చేసరికి ఆ మూల చిన్న గుండ్రటి చుక్క ఒకటి తళుక్కుమంటుంది. అది చూడగానే పక్కనున్న రెండో మెషీన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు ఈ మెషీన్ వెలుగు మూసి, దాని వెలుగు తెరవాలి. సరిగ్గా చేస్తే రీలు మారినట్టు హాల్లో ఎవ్వరికీ తెలియదు. "మన పని ఎవరికీ తెలియకపోతేనే బాగా చేసినట్టు" అనేవాడు. ఒక పండగ రోజు రెండో చుక్కకి నా చేతే మార్పించాడు. నాకప్పుడు పదేళ్లు. ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆ షెడ్డు ఇప్పుడు ఎరువుల గోడౌన్. మావయ్యా లేడు.

ఇక నీకెప్పుడూ చెప్పని మాట. 2001 డిసెంబర్ మొదటి వారంలో నా ఉద్యోగం పోయింది. డాట్‌కామ్ కంపెనీలు వరసబెట్టి మూతపడుతున్న రోజులు. మా కంపెనీలో ఒక పొద్దున మీటింగ్ రూమ్‌లోకి పిలిచి, పదిహేను నిమిషాల్లో ముగించేశారు. జీతం జనవరి 31 దాకా ఇస్తామన్నారు, అదొక్కటే ఊరట. ఇప్పటి పిల్లలకి హెచ్‌1బి వీసా మీద ఉద్యోగం పోతే 60 రోజుల గడువైనా ఉంది. అది 2017లో వచ్చిన రూలు. అప్పట్లో అదీ లేదు. ఫిబ్రవరి ఒకటి నుంచి మనకి అమెరికాలో చోటు లేనట్టే. నీకు నాలుగేళ్లు. ఊళ్లో నాన్నమ్మకి చెప్పలేదు. మీ అమ్మ నాతో మామూలుగానే ఉండేది కానీ, రాత్రిళ్లు లేచి లెక్కల పుస్తకం తిరగేస్తుంటే చూశాను.

మన పక్క ఫ్లాట్‌లో ఒక ముసలావిడ ఉండేది. నీకు గుర్తుండదు, నిన్ను చూసినప్పుడల్లా కోటు జేబులోంచి పిప్పరమెంటు తీసిచ్చేది. మన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఇంటికి రావలసిన మనవలు రాలేకపోయారట. 23 సాయంత్రం తలుపు కొట్టి, మూడు టికెట్లు నా చేతిలో పెట్టింది. "లోపల పెద్ద ఆర్గాన్ ఉంటుంది, పాపకి నచ్చుతుంది, వెళ్లండి" అంది. నాకు వెళ్లాలని లేదు. మీ అమ్మే నీకు ఎర్ర స్వెటర్ వేసి, "ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు వెళ్దాం పదండి" అని బయల్దేరదీసింది.

లోపల అడుగు పెట్టగానే నేను ఆగిపోయాను. అంత పైకప్పు, దాని నిండా రంగులేసిన చెక్కడాలు, ఎర్ర తెర, బంగారు రంగు దీపాలు. ఇంచుమించు 1,200 సీట్లు. నువ్వు తల వెనక్కి వాల్చి పైకి చూస్తూనే నడిచావు, మీ అమ్మ పట్టుకోకపోతే మెట్ల మీద పడేదానివి. 1925లో కట్టిన హాలది. ఆ రోజుల్లో ఈ దేశమంతా ఇలాంటివి కట్టారట. మూవీ ప్యాలెస్ అనే పేరు ఊరికే రాలేదు. రోజు కూలీ చేసుకునేవాడు కూడా నాలుగు చిల్లర డబ్బులు పెట్టి ఒక పూట రాజుగారి కొలువులో కూర్చోవాలని కట్టారు. టీవీ వచ్చాక, తర్వాత ఒకే కప్పు కింద పది తెరలుండే హాళ్లు వచ్చాక, చాలావాటిని కూలగొట్టారు. ఇదీ ఆ దారినే పోవలసింది. హెచ్‌పీ కంపెనీ పెట్టిన డేవిడ్ ప్యాకార్డ్ గారి కొడుకు, ఆయనా డేవిడ్ ప్యాకార్డే, గ్రీకు సాహిత్యం చదివి పాఠాలు చెప్పిన మనిషి. 1987లో హాలీవుడ్ డాన్స్ హీరో ఫ్రెడ్ ఆస్టేర్ చనిపోయినప్పుడు ఈ హాలుని రెండు వారాలు అద్దెకి తీసుకుని ఆయన సినిమాలు వరసగా వేయించాడు. జనం విరగబడి వచ్చారు. దాంతో ప్యాకార్డ్ ఫౌండేషన్ హాలునే కొనేసి, 1925లో ఎలా ఉండేదో అలా తిరిగి చేయించింది. 1989 చివర్లో తలుపులు మళ్లీ తెరిచారు. అప్పట్నుంచి పాత సినిమాలే. ఆటకి ముందు అడ్వర్టైజ్‌మెంట్లు ఉండవు. అది నాకు ఎంత నచ్చుతుందో చెప్పలేను.

సరే, దీపాలు తగ్గకముందు ఆర్గాన్ మొదలైంది. తెర ముందు గోతిలోంచి పెద్ద వుర్లిట్జర్ వాయిద్యం, దాని ముందు కూర్చున్న మనిషితో సహా పైకి లేచింది. ఆయన చేతులు ఒక వరస మీటల మీంచి ఇంకో వరసకి వెళ్తుంటే కాళ్లు కింద వేరే వాయిస్తున్నాయి. గోడల వెనకున్న గొట్టాల్లోంచి వచ్చే ఆ నాదం కుర్చీలోకి, అక్కణ్ణుంచి వీపులోకి ఎక్కింది. నాకు చప్పున మా టాకీస్ మైకు గుర్తొచ్చింది. అది వేంకటేశ్వరస్వామి పాట, ఇది క్రిస్మస్ పాట, కానీ రెండూ చెప్పేది ఒకటే: రండి, మొదలవుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు గొంతు కలిపి పాడుతున్నారు. నువ్వు నా ఒళ్లోంచి దిగి సీటు మీద నిలబడి చప్పట్లు కొట్టావు.

సినిమా కథ నీకు తెలుసు. జార్జ్ బెయిలీ చిన్న ఊళ్లో ఇళ్ల అప్పులిచ్చే సంస్థ నడుపుతుంటాడు. 8,000 డాలర్లు పోతాయి. తన ప్రాణం కంటే తన పేరు మీదున్న ఇన్సూరెన్స్ పాలసీకే విలువెక్కువ అనుకుని, మంచులో వంతెన మీదికి వెళ్తాడు. అమ్మలూ, నాకు అంత దూరం ఆలోచన ఎప్పుడూ రాలేదు, నమ్ము. కానీ జార్జ్‌గా వేసిన జేమ్స్ స్టీవర్ట్ కొడుకుని గట్టిగా హత్తుకుని, వాడి తల మీంచి ఎటో చూస్తూ ఏడ్చే చోటుంది చూడు, ఆ ముఖం నాకు తెలుసు. ఆ నెలంతా అద్దంలో చూస్తున్న ముఖమే.

సరిగ్గా ఆ ఏడుపుల్లోనే ఎక్కడో తెరకి కుడివైపు పై మూల చుక్క పడింది.

ఇరవై ఏళ్లుగా నేను దాన్ని గమనించింది లేదు. నా చెయ్యి దానంతటది కదిలింది, మోటారు వెయ్యడానికి. నోట్లో లెక్క పెట్టుకున్నాను. రెండో చుక్క. రీలు మారింది, చిన్న కుదుపు కూడా లేదు. వెనక్కి తిరిగి పైనున్న ఆ చిన్న కిటికీ వైపు చూశాను. వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. ఎవరో ఒక మనిషి పండగ రాత్రి అక్కడ నిలబడి, మా మావయ్య చేసిన పనే చేస్తున్నాడు, 1,200 మందికి తెలియకుండా. నాకప్పుడు ఏడుపొచ్చింది. మీ అమ్మ సినిమా కోసం అనుకుంది, కొంగు ఇచ్చింది. చివర్లో ఊరంతా జార్జ్ ఇంటికొచ్చి బల్ల మీద డబ్బు కుమ్మరిస్తుంటే హాల్లో ముక్కు చీదని మనిషి లేడు. మన వరసలో ఉన్న ఒకాయన, ముక్కూమొహం తెలియని మనిషి, నా భుజం తట్టి మెర్రీ క్రిస్మస్ అన్నాడు. పొద్దున్న నుంచీ నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకి బదులు చెప్పాను.

జనవరి ఆఖరి వారంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ తర్వాతదంతా నీకు తెలుసు.

ఆ సినిమా సంగతి ఇంకొకటి చెప్పాలి, నీకు ఇలాంటివి ఇష్టం కదా. అందులో మంచు సీన్లన్నీ ఎండాకాలంలో తీసినవే, 1946 వేసవిలో. అంతకుముందు సినిమాల్లో మంచు కోసం తెల్లరంగు పూసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవారట. నడిస్తే కరకరలాడి మాటలు వినపడేవి కాదు. వీళ్లు మంటలార్పే నురగలో సబ్బు కలిపి కొత్త మంచు తయారుచేశారు. దాని మీద పరిగెత్తినా చప్పుడు రాదు. వంతెన మీద జార్జ్ మాటలు అంత స్పష్టంగా వినపడతాయంటే అదొక కారణం. ఇంత చేసినా విడుదలైనప్పుడు పెట్టిన డబ్బులు రాలేదు. 1974లో కాపీరైట్ పొడిగించడం మర్చిపోయారు, దాంతో టీవీ వాళ్లు ప్రతి డిసెంబర్‌లో వేసుకోవడం మొదలుపెట్టారు, అలా ఇంటింటి సినిమా అయింది. టీవీని నేను తిట్టను. కానీ టీవీలో, లాప్‌టాప్‌లో ఆ భుజం తట్టే మనిషి ఉండడు.

ఓపిక ఉంటే సెలవుల్లో ఇంకో రోజు ఓక్లండ్ వెళ్లి పారమౌంట్ కూడా చూద్దాం. 1931లో కట్టిన, టిమొతీ ఫ్లూగర్ ప్లాన్ గీసిన హాలు. లోపలికి వెళ్లగానే తలుపుల మీద గాజు వెలుగు ఫౌంటెన్‌లా చిమ్ముతుంది, దాని కిందే ఓ గంట నిలబడిపోవచ్చు. మనం వెళ్లిన రోజు సినిమా ఉంటే మంచిది, లేకపోతే హాలు చూసి వద్దాం.

24 మాత్రం తప్పించకు. కారు వద్దు, క్యాల్‌ట్రెయిన్‌లో వెళ్దాం, స్టేషన్ నుంచి నడిచేంత దూరమే. ఆటకి గంట ముందే లోపల ఉండాలి, ఆర్గాన్ మొదటినుంచీ వినాలి. చిల్లర నోట్లు తెచ్చిపెట్టాను, పాప్‌కార్న్‌కి. మధ్య సీటు నీది. అప్పుడు నువ్వు వంతెన సీను రాకముందే నా ఒళ్లో నిద్రపోయావు, ఇంటికి ఎత్తుకునే తెచ్చాం. ఆఖరి రీలు ఆ హాల్లో నువ్వింకా చూడలేదు.

బోస్టన్‌లో మంచు పడుతోందని చెప్పావు, ఎయిర్‌పోర్టుకి ముందుగా బయల్దేరు. నేను ఇక్కడ అరైవల్స్ దగ్గర ఉంటాను.

నాన్న